నలభయ్యో పత్రం

విద్యుత్ యంత్రాల మీద అంతర్జాల సదస్సు జరపబోతున్నట్టు కాలేజీలో సర్క్యులర్ వచ్చిన నాలుగో రోజున, ఆమోదం పొందిన మొదటి పత్రంలోకి మెషీన్స్ ల్యాబులోని ఐదు హార్స్ పవర్ డీసీ మోటారు వెళ్ళిపోయింది. ఉదయం తొమ్మిదింటికి ల్యాబ్ టెక్నీషియన్ కోటిలింగం తాళం తీసేసరికి సిమెంటు దిమ్మె మీద నాలుగు బోల్టులు, దుమ్ము పట్టని ఒక నలుచదరం మిగిలి ఉన్నాయి. తాళం వేసినది వేసినట్టే ఉంది. కిటికీ ఊచలు సరిగానే ఉన్నాయి. అంత బరువైన ఇనుమును ఈడ్చుకుపోయిన గీత నేల మీద ఎక్కడా లేదు.

అతను వెళ్ళి విభాగాధిపతి శేషుకుమారి మేడంకి చెప్పాడు. ఆమె ఆశ్చర్యపోలేదు. కంప్యూటరు తెర అతని వైపు తిప్పి, వేరే రాష్ట్రం నుంచి ఎవరో పంపిన పత్రం చూపించింది. పత్రం ఆ రకం మోటారు గురించే. ముందురోజు సాయంత్రం ఐదింటికి ఆమోదం మెయిలు వెళ్ళింది. సదస్సు అంతర్జాలంలో జరిగేటప్పుడు యంత్రాలు కూడా అక్కడే ఉండాలనీ, ఒకే వస్తువు రెండు చోట్ల ఉంటే ఆడిట్లో అభ్యంతరం వస్తుందనీ ఆమె వివరించింది. డెడ్ స్టాక్ రిజిస్టరులో ఆ మోటారుకు ఎదురుగా ‘పత్రంలోకి మారినది’ అని రాసి, తేదీ వేసి సంతకం పెట్టమంది. అతను పెట్టాడు. ఇరవై నాలుగేళ్ళుగా ఆ రిజిస్టరు రాస్తున్నది అతనే.

తరువాత పని వేగంగా సాగింది. ఆల్టర్నేటరు ఒక సోమవారం వెళ్ళింది. రెండు ట్రాన్స్‌ఫార్మర్లు ఒకే పత్రంలోకి వెళ్ళాయి, ఎందుకంటే ఆ పత్రానికి రచయితలు ఇద్దరు. స్టార్టరు గురించి రాసినాయన జన్మలో స్టార్టరు ముట్టుకున్న మనిషి కాదని పత్రం చదివితేనే తెలుస్తుంది, అయినా స్టార్టరు వెళ్ళింది. ప్రయోగశాల భద్రత మీద పత్రం రాగానే రబ్బరు పట్టాలు, ఇసుక నింపిన ఎర్ర బకెట్లు పోయాయి. ఇసుక మాత్రం కుప్పగా మిగిలింది, పత్రంలో ఇసుక ప్రస్తావన లేదు. పాత యంత్రాలకు పట్టే తుప్పు మీద ఎవరో రాస్తే కిటికీ ఊచలకున్న తుప్పంతా ఒక్క మధ్యాహ్నంలో రాలకుండానే మాయమైంది. ఊచలు కొత్తవాటిలా మెరిశాయి. ఆ పత్రాన్ని అందరూ మెచ్చుకున్నారు.

ఆ విభాగంలోనే పనిచేసే ఫణీంద్ర అనే లెక్చరరు ‘యంత్రాల బోధనలో అధ్యాపకుని ఉత్సాహం’ అనే పత్రం పంపాడు. ఆమోదం వచ్చిన సాయంత్రం అతని ఉత్సాహం పోయింది. మర్నాడు మామూలుగానే వచ్చాడు, మామూలుగానే పాఠం చెప్పాడు. పిల్లలు తేడా ఏమీ గమనించలేదు.

పిల్లల ప్రాక్టికల్స్ కూడా ఆగలేదు. బోల్టుల చుట్టూ నలుగురేసి నిలబడి, పోయిన సంవత్సరం రికార్డులోంచి రీడింగులు ఎక్కించుకున్నారు. యంత్రాలు ఉన్నప్పుడు కూడా రీడింగులు అక్కడినుంచే వచ్చేవి కాబట్టి మార్కులు తగ్గలేదు. చేతులకు గ్రీజు అంటడం లేదని తల్లిదండ్రుల సమావేశంలో ఒకరిద్దరు సంతోషం వెలిబుచ్చారు కూడా.

మూడు వారాలు తిరిగేసరికి ముప్ఫై తొమ్మిది పత్రాలయ్యాయి. ల్యాబులో ఒకే ఒక్క యంత్రం మిగిలింది. కిటికీ పక్కనున్న మూడు హార్స్ పవర్ ఇండక్షన్ మోటారు.

ఆ మోటారు ఆరేళ్ళ కిందట కాలిపోయింది. కోటిలింగానికి నరసరావుపేటలో చిన్న వైండింగ్ షాపు ఉండేది. ఉండేదంటే, అతను కాలేజీకి వస్తే షాపు నడిపేది భార్య భ్రమరాంబ. మోటారు షాపుకే వచ్చింది. చెక్క అచ్చు మీద రాగి తీగ చుట్టడంలో ఆమె చేతికి ఆ బజారులో ఎదురు లేదు. కాయిలుకు ఎనభై రెండు చుట్లు. పైకి లెక్కపెడుతూ చుట్టేది. ఆ రోజు అతను ఉండబట్టలేక, టీ పెట్టమంటావా అని అడిగాడు. అప్పటికి ఆమె లెక్క యాభైల్లో ఉంది.

“నన్ను మాట్టాడించమాక, లెక్క తప్పిద్దని ఎన్నిసార్లు చెప్పాలయ్యా నీకు” అని, మళ్ళీ అందుకుని చుట్టింది.

ఆ కాయిలులో ఎనభై మూడు పడ్డాయి. వార్నిషు ఆరి, మోటారు ల్యాబులో బిగించి నడిపించాక గానీ అతనికి తెలియలేదు. స్క్రూడ్రైవరు మొన బేరింగు మీద ఆనించి, పిడి చెవికి ఆనించుకుని వింటే మోటారు లోపలి సంగతులన్నీ అతనికి తెలుస్తాయి. ఆ మోటారు మోతలో ఒక చోట చిన్న తడబాటు ఉంది. మాట్లాడుతున్న మనిషి గుటక వేసినట్టు. మీటర్లకు అది అందదు. ఇంటికెళ్ళి చెబితే ఆమె నవ్వింది. “ఆ ఒక్క చుట్టు నీదేలే. నా లెక్కలో రాయమాక” అంది. విప్పి మళ్ళీ చుడతానంటే అతనే వద్దన్నాడు.

పోయిన శ్రావణంలో మూడు రోజుల జ్వరంతో ఆమె చనిపోయింది. షాపు మూసేశాడు. అప్పటినుంచి రోజూ పిల్లలు రాకముందే ల్యాబు తెరిచి, ఆ మోటారును పది నిమిషాలు నడిపి వింటున్నాడు. ఎవరైనా చూస్తే బేరింగు పరీక్ష అంటాడు. బేరింగు బాగానే ఉంటుంది. ఆమె లెక్క ఆపి తనతో మాట్లాడిన చోటు ఆ మోతలో ఉంది. ఇంకెక్కడా లేదు.

కాలేజీకి గుర్తింపు ఇచ్చే కమిటీ వాళ్ళ పట్టికలో సదస్సు గడికి నలభై పత్రాలు కావాలి. ముప్ఫై తొమ్మిదికి వచ్చేది సున్నా మార్కులే. నలభయ్యోది ఆ మోటారు మీద ఫణీంద్ర రాస్తాడని తేలింది. ఉత్సాహం లేకపోవడం వల్ల అతని రెండో పత్రం చాలా తొందరగా తయారైంది. కొలతల కోసం ల్యాబుకు వచ్చి ఫోనులో మోటారు ఫోటో తీసుకున్నాడు.

“ఏంటి కోటిలింగం, ఇంకా ఇక్కడే ఉన్నావా? నీ మీద ఎవరూ రాయలేదా?” అన్నాడు. నవ్వే చోట నవ్వలేదు. ఆ భాగం కూడా మొదటి పత్రంతోనే పోయినట్టుంది.

కోటిలింగం మేడం గదికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

“దాన్నొక్కదాన్ని వదిలెయ్యండి మేడం. మా ఆవిడ చుట్టిన మోటారండీ అది.”

“తెలుసండీ. రిజిస్టర్లో ఆవిడ పేరు లేదుగా” అంది శేషుకుమారి. ఆమె చెడ్డది కాదు. అతన్ని కూర్చోమంది. తను పీహెచ్‌డీ చేసిన యంత్రం కూడా పోయిన వారమే వెళ్ళిపోయిందనీ, ఆ పత్రానికి ఆమోదం సంతకం పెట్టింది తనేననీ చెప్పింది. తరువాత నిబంధనల పుస్తకం తిరగేసి ఒక దారి చూపించింది. బోధనేతర సిబ్బంది కూడా అనుభవం మీద పత్రం ఇవ్వవచ్చు. విషయం యంత్రాలకు సంబంధించి ఉండాలి. అతను ఐదు పేజీలు తెలుగులో రాసిస్తే ఇంగ్లీషులోకి తను మారుస్తుంది. నలభై నిండితే ఫణీంద్ర పత్రం అవసరం ఉండదు.

దేని మీద రాస్తే అది పోతుందని అతనికి తెలుసు. అందుకే జాగ్రత్తగా ఎంచుకున్నాడు. ల్యాబంతా కలయజూస్తే రాయడానికి మిగిలినవి ఎక్కువ లేవు. బోల్టుల మీద అప్పటికే ఒకాయన రాసి పట్టుకుపోయాడు. చివరకు ‘స్క్రూడ్రైవరుతో మోటారు లోపాలు కనిపెట్టే పద్ధతి’ అని శీర్షిక పెట్టి రాశాడు. స్క్రూడ్రైవరు పోతే పోతుంది. పేటలో ఏ ఇనుప కొట్టుకు వెళ్ళినా ఇంకొకటి ఇస్తారు. మంచి కాగితం మీద, కొట్టివేతలు లేకుండా, ఐదు పేజీలు నింపి ఇచ్చాడు. బేరింగు అరిగితే ఎలా వినిపిస్తుందో, గ్రీజు ఆరితే ఎలా వినిపిస్తుందో, ఒక ఫేజు పోతే ఎలా వినిపిస్తుందో వరసగా ఉంది. ఒక చుట్టు ఎక్కువైతే ఎలా వినిపిస్తుందో మాత్రం రాయలేదు.

నాలుగో రోజు మధ్యాహ్నం పరిశీలకుడి అభిప్రాయం వచ్చింది. మేడం కబురు పంపి చదివి వినిపించింది. రచన బాగుందన్నాడు. అయితే స్క్రూడ్రైవరు పనిముట్టు మాత్రమే, అందులోంచి వచ్చే శబ్దాన్ని గ్రహిస్తున్నది మనిషి చెవి, కాబట్టి శీర్షికను ‘విద్యుత్ యంత్రాల పరీక్షలో టెక్నీషియన్ వినికిడి’ అని సవరిస్తే ఆమోదించవచ్చని రాశాడు. గడువు ఆ రోజు ఐదింటికి.

ఫ్యాను తిరుగుతోంది. గది బయట ఎవరో ప్రింటరు పనిచేయడం లేదని అటెండరును కేకలేస్తున్నారు.

“మనిషి మొత్తం పోడు కదండీ?” అని అడిగాడు కోటిలింగం.

“పోరండీ. ఫణీంద్ర పోయాడా?” అంది ఆమె. “ఆలోచించుకోండి. మీరు వద్దంటే ఐదింటికి అతనిది పంపిస్తా. బలవంతం లేదు” అంది.

అతను ల్యాబుకు వెళ్ళి మోటారు స్విచ్చి వేశాడు. మూడున్నర నుంచి నాలుగూ ముప్పావు వరకు దాని పక్కన స్టూలు మీద కూర్చుని విన్నాడు. తడబాటు వచ్చిన ప్రతిసారీ వేలు మడిచి లెక్కపెట్టడం మొదలుపెట్టి, తరువాత మానేశాడు. లెక్కపెడితే వినడం తగ్గుతోంది. నాలుగూ యాభైకి మేడం గదికి వెళ్ళి, మార్చండి మేడం అన్నాడు. ఆమె మార్చింది. అతను ల్యాబుకు తిరిగి వచ్చాడు.

ఐదింటికి మోటారు తిరుగుతూనే ఉంది. షాఫ్టు తిరుగుతోంది, దాని గాడిలో బిగించిన కీ ముక్క వెలుగు పడ్డప్పుడల్లా మెరుస్తోంది. శబ్దం లేదు. కిటికీలోంచి చూస్తే హైవే మీద గ్రానైటు లారీ ఒకటి దూది మీద నడిచినట్టు వెళ్ళింది. అతను స్విచ్చి కట్టేసి మళ్ళీ వేశాడు. అరచేయి మోటారు మీద ఆనించాడు. అదురు తెలుస్తోంది. కానీ అరచేతికి అన్ని చుట్లూ ఒకటే.

డెడ్ స్టాక్ రిజిస్టరు తీశాడు. వినికిడికి నంబరు లేదు కాబట్టి ఎక్కడ రాయాలో తోచలేదు. మర్నాడు మేడం ఒక చీటీ మీద, ‘మీ వ్యక్తిగత వస్తువు. రాయనక్కరలేదు’ అని రాసి ఇచ్చింది.

సదస్సు శుక్రవారం జరిగింది. తెర మీద దీపం బొమ్మ వెలిగించారు. నాలుగు వందల పన్నెండు మంది హాజరయ్యారు. అంటే నాలుగు వందల పన్నెండు నల్లటి గడులు, ఒక్కో గడిలో ఒక పేరు. కొన్ని గడుల్లో పేరు బదులు ఫోను కంపెనీ పేరు ఉంది. కోటిలింగానికి ఎనిమిది నిమిషాలు ఇచ్చారు. తెల్లచొక్కా వేసుకుని ల్యాప్‌టాప్ ముందు కూర్చుని తన కాగితాలు చదివాడు. గొంతు ఎక్కువవుతోందో తక్కువవుతోందో తెలియలేదు. మధ్యలో ఒక పేజీ రెండుసార్లు చదివానేమోనని అనుమానం వచ్చి ఆగాడు. ఎవరూ ఏమీ అనలేదు. అప్పటివరకు మాట్లాడిన వారందరికీ అలాగే జరిగిందని పక్కన కూర్చున్న మేడం చీటీ రాసి ఇచ్చింది.

చివర్లో అధ్యక్షస్థానంలో ఉన్న పెద్దాయన గడి వెలిగింది. ఆయన చేతులు తిప్పుతూ చాలాసేపు మాట్లాడాడు. మైకు కట్టేసి ఉందన్న గుర్తు ఆయన పేరు పక్కన ఎర్రగా కనిపిస్తూనే ఉంది. ఎవరూ చెప్పలేదు. మాట్లాడడం అయ్యాక ఆయన చప్పట్లు కొట్టాడు. నాలుగు వందల గడుల్లోంచి చప్పట్ల బొమ్మలు పైకి లేచాయి. కోటిలింగం నమస్కారం పెట్టాడు.

ఆ వారం కాలేజీలో అతనికి ఇబ్బందేమీ రాలేదు. ప్రిన్సిపాలు ఎదురైతే పెదవులు కదిపి వెళ్ళిపోయేవాడు, ఇతను తల ఊపేవాడు. మునుపూ అంతే. మెషీన్స్ ల్యాబులో కొత్తగా వినవలసినది లేదు. టెక్నీషియన్ చాలా శ్రద్ధగా కూర్చున్నాడనీ, మధ్యలో ఒక్కసారి కూడా లేవలేదనీ ప్రిన్సిపాలు మెచ్చుకుని, వచ్చే ఏడాది సదస్సులో ఒక విభాగానికి అతన్నే అధ్యక్షుణ్ణి చేద్దామన్నట్టు మేడం ఇంకో చీటీ ఇచ్చింది.

బుధవారం ఆమె స్వయంగా ల్యాబుకు వచ్చింది. కోటిలింగం మోటారు పక్కనే స్టూలు మీద కూర్చుని ఉన్నాడు. అది తిరుగుతోంది. ఆమె ఒక నిమిషం దాని వైపు చెవి పెట్టి నిలబడింది. అతను ఆమె ముఖంలోకి చూశాడు, అక్కడ ఏమైనా తెలుస్తుందేమోనని. ఆమె మామూలు మోటారును విన్నట్టే విని, తన ఫోను అతని ముందు పెట్టింది.

అది సదస్సు మీద అభిప్రాయ పత్రం. అది నింపితే గానీ సర్టిఫికెట్ రాదు. సర్టిఫికెట్ లేని పత్రాన్ని కమిటీ లెక్కలోకి తీసుకోదు. అప్పుడు ముప్ఫై తొమ్మిదే అవుతాయి, ఫణీంద్ర పత్రం సిద్ధంగానే ఉంది. ఇదంతా ఆమె చీటీ మీద వివరంగా రాసి తెచ్చింది. కింద, ‘మీరొక్కరే మిగిలారు’ అని గీత గీసి రాసింది.

ప్రశ్న ఒకటే ఉంది. సదస్సులో ప్రసంగాలు మీకు ఎలా వినిపించాయి? దాని కింద రెండు గడులు. బాగా వినిపించాయి. చాలా బాగా వినిపించాయి. మూడో గడి కోసం అతను తెరను పైకీ కిందకీ జరిపి చూశాడు. లేదు. మొదటిదాని మీద వేలు పెడితే, మిగతా నాలుగు వందల పదకొండు మంది అభిప్రాయంతో సరిపోవడం లేదు, మరోసారి ఆలోచించండి అని వచ్చింది.

కోటిలింగం ఎడమ చేయి మోటారు మీద ఉంచి, కుడి చేతి వేలితో రెండో గడి నొక్కాడు.