దర్జీ అత్తయ్య ఈలపిట్ట

ఆ ఆదివారం పొద్దున దర్జీ అత్తయ్య అనుకున్నది చిన్న పనే. చెరువు పక్క తోపులో ఈలపిట్ట పాట విని, ఎండెక్కేలోగా ఇల్లు చేరడం. వీధికంతటికీ బట్టలు కుట్టిన మనిషి ఆవిడ. మిషను తొక్కినన్నాళ్ళూ కిటికీ పక్క చెట్టుమీద ఆ పిట్ట పాడుతూనే ఉండేది. కార్లు నిలుపుకోవడానికి ఆ చెట్టు కొట్టేశారు. ఆ వెనకాలే ఆవిడ చూపూ పోయింది. పోయినవాటిలో పిట్ట ఒక్కటైనా ఎక్కడో మిగిలిందేమో, ఒక్కసారి వింటే చాలని ఆవిడ ఆశ.

ఇకమీదట చూపులేనివాళ్ళనూ తమతో తోపుకు తీసుకెళ్తామని, పక్షుల్ని చూసేవాళ్ళ సంఘం ప్రకటించింది. కూతురు వెంటబెట్టుకొచ్చింది.

గేటు దగ్గరే చక్రాల కుర్చీ సిద్ధంగా ఉంది.

"కాళ్ళు బాగానే ఉన్నాయి బాబూ!"

"మొహమాటపడకండమ్మా, మీకోసమే తెప్పించాం," అంటూ సంఘం అధ్యక్షుడు కూర్చోబెట్టేశాడు. మంచివాడే పాపం, అదే వచ్చిన చిక్కు.

తోపులోకి వెళ్ళగానే ఆవిడ చెవి దగ్గర చేరి, "ఎడంపక్క కొమ్మమీద ఆకుపచ్చ పిట్టమ్మా," అన్నాడు.

"ఆకుపచ్చేమిటండీ, శుభ్రంగా పసుపుపచ్చ!" అంది వెనకనుంచి సంఘంలోని లెక్కల టీచరు.

"కళ్ళజోడు మార్పించుకోండి మేడమ్."

"బైనాక్యులర్ తిరగేసి పట్టుకున్నది మీరు!"

ఈ గొడవలో కుర్చీని ఎటు తోస్తున్నారో ఎవరూ చూడలేదు. చక్రం బురదలో దిగబడింది. "పట్టండి, పట్టండి!" అని అందరూ కేకలేసి లేపేసరికి, రెక్కల చప్పుడుతో తోపంతా ఖాళీ అయిపోయింది.

"అయ్యా, నాకు పోయింది చూపు. చెవులున్నాయి. కాసేపు ఊరుకుంటారా?" అంది అత్తయ్య.

తలలు దించుకుని ఊరుకున్నారు. ఎంతసేపు ఊరుకుంటే ఏం లాభం, పాడటానికి పిట్టంటూ ఉండాలిగా! చెవి వెనక చెయ్యి పెట్టుకుని ఆవిడ అలాగే కూర్చుంది. చూడలేక కూతురు పొదలచాటుకు పోయి, సన్నగా ఈల వేసింది.

"అదే! అదే!" అంది అత్తయ్య. అందరూ చప్పట్లు కొట్టారు.

ఇంటిదారిలో కూతురు, "విన్నావుగా అమ్మా, తృప్తేనా?" అంది.

"అంతమంది సిగ్గుతో చచ్చిపోతుంటే ఇంకేమనను? కానీ తల్లీ, ఏడుస్తూ ఈలవేసే పిట్టను నేనెన్నడూ వినలేదే," అని అత్తయ్య కూతురి చెయ్యి గట్టిగా పట్టుకుంది.

సంఘంవాళ్ళు మాత్రం, ఆ తోపులో ఈలపిట్టలు ఇంకా క్షేమంగానే ఉన్నాయని ఊరంతా చెప్పుకున్నారు.