వాన పైపుకు కట్టిన గంట

చెన్నరాయప్పకు తొమ్మిదేళ్లుగా ఒక అనుమానం ఉంది. దేవుడి ముందు కూర్చున్నప్పుడే అది ఎక్కువగా గుర్తుకొచ్చేది. తన భార్య నర్సమ్మ ఆ ఉద్ధరిణి తిరిగి ఇచ్చిందా, ఇవ్వలేదా?

ఉద్ధరిణి అంటే ఎంత, తీర్థం ఇచ్చే చిన్న రాగి చెంచా. సత్యనారాయణ వ్రతానికని నర్సమ్మ పక్కింటి మునిలక్ష్మి దగ్గర పంచపాత్ర, ఉద్ధరిణి అడిగి తెచ్చింది. వ్రతం అయిన మర్నాడు రెండూ ఇచ్చేశానంది. పాత్ర వచ్చింది గానీ ఉద్ధరిణి రాలేదని మునిలక్ష్మి అంది. ఒక మాటకు నాలుగు మాటలయ్యాయి. ఇరవై ఏళ్లు గోడకు అటూ ఇటూ నిలబడి కబుర్లు చెప్పుకున్నవాళ్లు ముఖాలు తిప్పుకున్నారు. వారం రోజులు చూసి చెన్నరాయప్ప ఎవరికీ చెప్పకుండా నగర్తపేట పాత్రల అంగళ్లకు పోయి కొత్త ఉద్ధరిణి కొన్నాడు. తెల్లవారకముందే దాన్ని మునిలక్ష్మి గడప మీద పెట్టి వచ్చాడు. గొడవ అణగాలనే చేశాడు. అయితే భార్య మాట నమ్మిన మొగుడు ఆ పని చేస్తాడా అన్న ప్రశ్న మాత్రం అణగలేదు. నర్సమ్మకు ఆ సంగతి తెలియదనే అతని నమ్మకం. ఆమె పోయి మూడేళ్లయింది. ఇక అడగడానికి కూడా లేదు.

ఆ శుక్రవారం పొద్దున అతను పెట్టుకున్న పని ఒక్కటే, మిద్దె మీది వాన పైపు బాగు చేయడం. కాటన్‌పేటలో అతని ఇల్లు ఎంత పాతదో ఆ ఇనుప పైపూ అంత పాతది. మిద్దె మీద పడ్డ నీళ్లు దానిగుండా దిగి వాకిట్లో మెట్ల పక్కన మోరీలో పడాలి. కానుగాకులు, పావురాల ఈకలు చేరి అది పూడిపోయింది. పోయిన వారం వాన నీళ్లు మిద్దె మీదే నిలిచిపోయాయి. చెమ్మ పూజగది గోడలోకి దిగి, నర్సమ్మ ఫోటోకు నాలుగు వేళ్ల దూరంలో ఆగింది. ఆమెది ఆ ఒక్క ఫోటోనే ఉంది. ఫోటోను పక్క గోడకు మార్చవచ్చు. కానీ పక్క గోడ మునిలక్ష్మితో ఉమ్మడి గోడ. దాని మీద ఉండటానికి నర్సమ్మ ఒప్పుకుంటుందా అని అతని సందేహం.

పైపుల పని చేసే ఇస్సాకు ముందే వచ్చి చూసిపోయాడు. "ఇది ఇద్దురు చేసే పని అప్పా. పైన ఒకరు నీళ్లు పొయ్యల్ల, కింద ఒకరు చూసి చెప్పల్ల. నువ్వు కింద ఉండు, శుక్రవారం తొమ్మిదికి నేనొస్తా," అన్నాడు. శుక్రవారం పది దాటింది. ఇస్సాకు రాలేదు. ఎలక్ట్రానిక్ సిటీలో ఆరంతస్తుల ఆఫీసుకు పైపులు దించుతున్న మనిషికి ఒంటి మిద్దె గుర్తుండటం కష్టమే. సాయంత్రం మబ్బు పట్టేలా ఉంది. చెన్నరాయప్ప పంచె ఎగ్గట్టాడు.

ఒక బిందె నీళ్లు పైపు నోట్లో కుమ్మరించి ఇరవై రెండు మెట్లు దిగి వచ్చాడు. పైపు కింద తడిగా ఉంది. అది ఇప్పటి తడా, నిన్నటి తడా? తెలియలేదు. రెండోసారి పైపు కింద పాత పేపరు పరిచి పైకెక్కాడు. నీళ్లు పోసి దిగివచ్చేసరికి పేపరు లేదు. ఒక ఆవు దాన్ని నములుతూ వీధి చివర మలుపు తిరుగుతోంది. మూడోసారి ఎక్కబోయి మెట్ల మధ్యలో కూర్చుండిపోయాడు. కింద నిలబడి 'వచ్చింది' అని ఒక్క మాట చెప్పే మనిషి లేకపోతే, పైన ఎన్ని నీళ్లు పోసినా పోసినట్టు కాదు. ప్రతి ఏడూ వానలకు ముందు ఆ మాట నర్సమ్మ చెప్పేది. ఒక్కోసారి నీళ్లు రాకముందే చెప్పేది. "వచ్చినాయిలే, దిగిరా, కాఫీ చల్లారిపోతాంది," అనేది. అసలు అతని అనుమానం పుట్టింది కూడా అక్కడే. నీళ్లు రాకుండానే వచ్చాయన్న మనిషి, ఉద్ధరిణి ఇవ్వకుండానే ఇచ్చానని ఉండదా?

అలా కూర్చుని ఉండగా అతనికి పూజగదిలో గంట గుర్తొచ్చింది. పైపు మూతి దగ్గర గంట వేలాడదీసి, దాని నాలుకకు ఒక డబ్బా మూత కట్టాలి. నీళ్లు మూత మీద పడితే గంట మోగుతుంది, మిద్దె మీదికి వినబడుతుంది. దేవుడి గంటను మోరీ పక్కన కట్టవచ్చా? "స్వామీ, కొంచేపు ఇస్తావా?" అని అడిగాడు. స్వామి కాదనలేదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టేనా అన్నది ఇంకో అనుమానం. దానికప్పుడు తీరిక లేదు.

గంట కట్టి, పైకెక్కి, వెదురు బద్దతో పైపులో నాలుగు పోట్లు పొడిచి మూడో బిందె పోశాడు. కింద గంట మోగింది! పైపు సగమే వదులైంది కాబట్టి నీళ్లు సన్నని ధారగా దిగుతున్నాయి. గంట ఆగకుండా మోగుతూనే ఉంది. చెన్నరాయప్ప ముఖం చాలా నెలల తర్వాత విచ్చుకుంది.

అతను మరిచిపోయింది ఒక్కటే. ఆ సాయంత్రం వీధికి గంగమ్మ తల్లి ఊరేగింపు వస్తుంది. తల్లి బండికి ముందు ఒక మనిషి గంట మోగిస్తూ నడుస్తాడు. గంట వినగానే ప్రతి ఇంటివాళ్లూ హారతి తట్టతో, బిందె నీళ్లతో గడప దాటాలి. ఆలస్యమైతే తల్లి ముందుకు సాగిపోతుంది, వెనక్కి తిరగదు. అందుకని గంట విన్నాక ఆ వీధిలో ఎవరూ తొంగిచూసి నిర్ధారించుకోరు.

మొదట విన్నది వీధికంతటికీ పెద్దదైన దొడ్డమ్మ. "బేగ రాండే! తల్లి వచ్చేసింది!" అని కేక పెట్టింది.

"సాయంత్రం కదా దొడ్డమ్మా రావల్సింది?" అని ఎవరో అడిగారు.

"వాన వస్తాదని ముందే తెచ్చినట్టుండారు. నువ్విట్లే ప్రశ్నలు వేస్తా ఉండు, తల్లి నీ గడప దాటి పోతాది!"

ఆ తర్వాత ఎవరూ ప్రశ్నలు వేయలేదు. పొయ్యి మీద చారు పొయ్యి మీదే వదిలేసి ఆడవాళ్లు పరుగెత్తుకొచ్చారు. అదే వీధిలో ఉండే పెద్దమునియప్ప చొక్కా కూడా వేసుకోకుండా డోలు మెడకు తగిలించుకుని వాయిస్తూ వచ్చాడు. అందరికంటే ముందు వచ్చింది మునిలక్ష్మి, ఆమె గడపే దగ్గర కాబట్టి. తొమ్మిదేళ్లుగా చెన్నరాయప్ప వాకిట్లో అడుగు పెట్టని మనిషి, గంట విని పూజగదిలోని తట్టను ఉన్నదున్నట్టు ఎత్తుకుని, కర్పూరం వెలిగించుకుని వచ్చి నిలబడింది. ఎక్కడ నిలబడిందో చూసుకునేసరికి వెనక్కి పోవడానికి దారి లేదు, జనం నిండిపోయారు.

కిటికీల పైన దించిన రేకు అడ్డం ఉండటంతో మిద్దె మీదినుంచి ఇదేమీ కనిపించదు. గోల మాత్రం వినబడింది. తన పైపు గురించి వీధికి ఇంత శ్రద్ధ ఉందని చెన్నరాయప్ప ఎన్నడూ అనుకోలేదు. కళ్లు చెమర్చాయి.

"నీళ్లు వచ్చినాయా?" అని పైనుంచి అరిచాడు.

"వచ్చినాయప్పా! ఐదు బిందెలు!" అని దొడ్డమ్మ జవాబిచ్చింది.

తను పోసింది మూడే. మిగిలిన రెండూ పైపులో ఇరుక్కున్న పాత నీళ్లై ఉంటాయని సమాధానపడ్డాడు. "ఇంకా పొయ్యల్లా?"

"పొయ్యప్పా, పొయ్యి! వాకిలంతా తడవల్ల!"

అతను పోశాడు. గంట ఇంకా గట్టిగా మోగింది.

"గంట ఉండాది, డోలు ఉండాది. తల్లి ఏదమ్మా?" అని పెద్దమునియప్ప డోలు ఆపి అడిగాడు. అందరూ వీధి మలుపు వైపు చూశారు. బండి లేదు. అప్పుడు దొడ్డమ్మ మెట్ల పక్కకు చూసింది. గంట ఒంటరిగా ఊగుతోంది. పట్టుకున్న చెయ్యి లేదు.

"మనిషి లేకుండా మోగుతాంది చూడండే!"

చెన్నరాయప్ప డోలు చప్పుడుకు కంగారుపడి దిగివచ్చేసరికి వాన పైపుకు పసుపు పూసి ఉంది. మూడు చోట్ల కుంకుమ పెట్టి ఉంది. మెడ ఎక్కడో తెలియక మల్లెదండను క్లాంపుకు వేశారు. దొడ్డమ్మ మోరీ పక్కన సాష్టాంగపడి ఉంది.

"దొడ్డమ్మా, అది వాన పైపమ్మా," అన్నాడు మెల్లగా.

"నేనూ అదే చెప్తాండా. మీ వాన పైపులోకి తల్లి వచ్చి ఉండాది."

"లేదమ్మా. నీళ్లు దిగింది తెలిసేదానికి ఆ గంట నేనే కట్టినా."

"కట్టింది నువ్వే. కట్టించింది ఎవురు?"

రోజూ రెండు పూటలా దీపం పెట్టే మనిషి దీనికి ఏమని జవాబు చెబుతాడు?

అప్పుడు ఇస్సాకు సైకిల్ దిగాడు. జనాన్ని, డోలును, దండను చూసి, "ఏమప్పా, నేను రాకుండానే ఓపెనింగ్ చేసేసినారా?" అన్నాడు. పైపుకు చెవి పెట్టి విన్నాడు. "అంతా వంపులో పట్టుకోనుండాది. జరగండమ్మా, జరగండి," అన్నాడు. ఎవరూ జరగలేదు. అతను రెంచితో వంపు మీద ఒక్కటి కొట్టాడు.

పైపు ఒకసారి గొంతు సవరించుకుంది. తర్వాత కొన్నేళ్ల కానుగాకులు, ఈకలు, ఒక గాలిపటం తోక, నల్లటి బురద, వాటి వెనక మిద్దె మీది నీళ్లన్నీ ఒక్కసారిగా బయటికొచ్చాయి. గంట తెగి మెట్ల మీద పడింది. పెద్దమునియప్ప డోలు తడిసి ముద్దయింది. దొడ్డమ్మ లేచి నిలబడింది గానీ ఆమె ఎవరో పోల్చుకోవడానికి కొంచెం సేపు పట్టింది.

"వచ్చినాయప్పా నీళ్లు!" అన్నాడు ఇస్సాకు.

తిట్లు అందరికీ సమానంగా అందాయి. ఇస్సాకుకు రెండు ఎక్కువ పడ్డాయి. జనం తలలు కడుక్కోవడానికి ఇళ్లకు పరుగెత్తారు. ఆ తోపులాటలో మునిలక్ష్మి చేతిలో తట్ట ఎగిరి బోర్లా పడింది. చెన్నరాయప్ప వంగి, మెట్ల మీద దొర్లిన వస్తువులు ఏరసాగాడు. ఒక ఉద్ధరిణి దొరికింది. దాని కాడ మీద 'ము' అని పేరు కొట్టి ఉంది. పక్కనే ఇంకొకటి దొరికింది. దాని మీద పేరు లేదు. నగర్తపేటలో కొన్నప్పుడు పేరు కొట్టాలా అని అంగడివాడు అడిగితే వద్దని చెప్పింది తనే.

రెంటినీ అరచేతిలో పెట్టుకుని అతను తలెత్తాడు.

"పప్పులో ఉన్నింది అన్నా," అంది మునిలక్ష్మి. ఆమె చెంప మీద ఒక ఆకు అంటుకుని ఉంది. "ఒకరి పాత్ర వట్టిగా తిరిగి ఇయ్యకూడదు కదా. నర్సక్క ఉద్ధరిణి అడుగున పెట్టి, పైన కంది పప్పు పోసి ఇచ్చింది. నేను చూసుకోకుండా పాత్రను డబ్బాలోకి వంచేసినా. ఆ డబ్బా అడుగు కనపడేదానికి మూడు నెలలు పట్టింది."

"మరి చెప్పలేదే?"

"ఎట్ల చెప్పేది? అంతలోనే నువ్వు కొత్తది తెచ్చి గడప మీద పెట్టి పోతివి. కిటికీలోనించి చూసినా. మొగుడే తెచ్చి పెట్టినాడు, ఇంకేం సాక్షి కావల్ల అని వీధంతా చెప్పేసినా. చెప్పిన నోటితో మళ్లీ... కొత్తది వాడేదానికి మనసు రాలేదు, పారేసేదానికి ధైర్యం రాలేదు. రోజూ రెండూ తోమి తట్టలో పెడతా ఉండా."

చెన్నరాయప్ప పేరు లేనిదాన్ని వేళ్లతో తిప్పుతూ అడిగాడు. "నేను పెట్టింది... నర్సమ్మకు తెలుసునా?"

"నేనే గోడ మీదనించి అరిచి చెప్పినా."

"ఏమనింది?"

"నవ్వింది. 'నీళ్లు రాకముందే వచ్చినాయని ఆయనకు అబద్ధం చెప్తా ఉంటి, దాని ఫలం,' అనింది."

ఆరేళ్లు ఆ సంగతి తెలిసి ఉండి, ఒక్కనాడైనా నర్సమ్మ అతన్ని ఎందుకని అడగలేదు. కాఫీ కూడా ఆలస్యం చేయలేదు. చెన్నరాయప్ప రెండు ఉద్ధరిణులూ మునిలక్ష్మి తట్టలో పెట్టి, గంట తీసుకుని లోపలికి వెళ్లిపోయాడు.

సాయంత్రం దీపాల వేళకు వీధిలో మళ్లీ గంట మోగింది.

"మళ్లీ ఆ చెన్నరాయప్ప పైపే! ఎవురూ తలుపు తియ్యద్దండి!" అని దొడ్డమ్మ లోపలినుంచే హెచ్చరించింది. ఆమె అప్పటికి మూడోసారి తలంటుకుంటోంది. తలుపులన్నీ బిగిశాయి. గంగమ్మ తల్లి బండి నిమ్మకాయల దండలతో, దివిటీలతో ఖాళీ వీధిలోకి వచ్చి ఆగింది. గంట పట్టుకున్న మనిషి అటూ ఇటూ చూశాడు.

"ఏమప్పా, ఈ వీధిలో ఎవురూ లేరా?"

"నేనుండా," అన్నాడు చెన్నరాయప్ప. తన గంట తన పూజగదిలోనే ఉందని అతనికి తెలుసు. ఒంటి చేత్తో హారతి పట్టుకుని, రెండో చేత్తో నీళ్లు పోయలేక తంటాలు పడుతుంటే పక్కన ఎవరో బిందె వంచారు. మునిలక్ష్మి. ఇస్సాకు చెప్పింది నిజమే, కొన్ని పనులకు ఇద్దరు కావాలి. తల్లి ఆ రోజు వీధి మొత్తానికి ఇవ్వాల్సిన తీర్థం ఆ ఇద్దరికే ఇచ్చి ముందుకు సాగింది.

బండి మలుపు తిరిగాక మునిలక్ష్మి లోపలికి పోయి ఒక గిన్నెతో వచ్చింది. గిన్నె నిండా కంది పప్పు. దాని మీద, అందరికీ కనిపించేలా, పేరు లేని ఉద్ధరిణి.

"ఈసారి పైన పెట్టినా అన్నా. నా ముందరే చూసుకో."

చెన్నరాయప్ప చూసుకున్నాడు. లోపలికి తీసుకెళ్లి ఉద్ధరిణిని నర్సమ్మ ఫోటో ముందు పెట్టాడు. చెమ్మ గోడ ఆరేదాకా ఉండనిద్దామని ఫోటోను ఉమ్మడి గోడకు మార్చాడు. నర్సమ్మ కాదనలేదు. కాదనకపోతే ఒప్పుకున్నట్టేనా అని ఈసారి అతనికి అనుమానం రాలేదు.

ఇక మిగిలింది మునిలక్ష్మి గిన్నె. దాన్ని వట్టిగా తిరిగి ఇవ్వకూడదు, చెన్నరాయప్ప ఇంట్లో పోసి ఇవ్వడానికి ఉన్నదేమో ఆ పప్పే.