సదరు యాదవ్వ వాంగ్మూలం

తెలుగు చచ్చిపోతోందని కన్నీళ్లు పెట్టుకునే భాషాభిమానులందరినీ ఒక్క పూట పోలీస్ స్టేషన్‌లో కూర్చోబెట్టాలి! లోపల కాదు లెండి, బయట బెంచీ మీద. ఏడుపు దానంతటదే ఆగిపోతుంది.

ఎందుకంటే అసలు సిసలు తెలుగు ఇప్పుడు అక్కడే బతికుంది. మనం ‘చూశాను’ అంటాం. అక్కడ ‘వీక్షించితిని’ అంటారు. మన దగ్గర దొంగలుంటారు, అక్కడ ‘గుర్తు తెలియని వ్యక్తులు’ ఉంటారు. మనవాడు పారిపోతాడు, వాళ్లవాడు ‘పరారీలో యుండును’. ఎంత మర్యాద! మా ఆవిడ ఈ మధ్య మా పాలు తాగిపోయే పిల్లిని కూడా ‘సదరు పిల్లి’ అంటోంది. ఇంటికే ఒక హోదా వచ్చింది.

కోర్టు భాష ఇంకా గొప్పది. ‘ఇవాళ కాదు, పో’ అంటే ఎవరికైనా కోపం వస్తుంది. ‘వాయిదా’ అనండి, అదే మనిషి దండం పెట్టి వెళ్లిపోతాడు!

ఇంత మంచి భాష మీద మా కొత్తవాడలో కొందరికి అకారణంగా కోపం. వాళ్ల మాట తప్పని నిరూపించడానికే ఈ కాలమ్.

మా గల్లీలో మొండయ్య జంపఖానాలు నేసేవాడు. గుంట మగ్గం. ఇంట్లో నేల తవ్వి, ఆ గుంటలో కాళ్లు పెట్టుకుని కూర్చుని నేయాలి. ఎదురింటి భరత్ మూడేళ్ల కిందట కారు కొన్నాడు. కారు వాకిట్లోకి ఎక్కాలని సిమెంటు ర్యాంపు పోయించాడు. మొదటి వానకే ఆ ర్యాంపు మీది నీళ్లన్నీ జారి మొండయ్య గుంటలోకి దిగాయి. మగ్గం మీద పొడవునా సాగదీసి కట్టిన నూలు, ఆ పడుగంతా తడిసి ముద్దయింది.

“జర నీళ్లు అటు మళ్లియ్యరాదు చింటూ,” అన్నాడు మొండయ్య. పుట్టినప్పటి నుంచి భరత్‌ను గల్లీ అంతా అలాగే పిలుస్తుంది.

“నా జాగల నేను పోసుకున్న. నీకేం నొస్తాంది?” అన్నాడు చింటు.

మాట మీద మాట పెరిగింది. ర్యాంపు పని చేసిన పార ఒకటి అక్కడ పడి ఉంది. భరత్ దాని కామ, అంటే చేతికర్ర, ఊడబెరికి మొండయ్య కుడి మణికట్టు మీద కొట్టాడు. విరిగిన చప్పుడు రెండిళ్ల అవతలికి వినిపించింది.

ఇదంతా చూసిన మనిషి ఒక్కరే. యాదవ్వ. మగ్గాలకు కండెలు చుట్టి బతికే ముసలమ్మ. ఆ పూట తన గడప మీద కూర్చుని మొండయ్య కోసమే నూలు చుడుతోంది.

స్టేషన్‌కు ఆమెను నేనే తీసుకెళ్లాను. యాదవ్వ చెప్పింది: “చింటుగాడు పార కామ ఊడబీకి మొండయ్య చెయ్యి ఇరగ్గొట్టిండు సారూ. నేను గడప మీద కూసోని కండ్లార జూసిన.”

ఇంత పేద మాటలను ప్రభుత్వ కాగితం మీద ఎలా పెడతారు చెప్పండి? స్టేషన్ రైటర్ దయగలవాడు. వాటికి బట్టలు తొడిగాడు.

“సదరు ముద్దాయి, ఫిర్యాదిని దుర్భాషలాడి, మారణాయుధముతో దాడి చేసి తీవ్ర రక్తగాయము గావించుచుండగా, నేను ఘటనా స్థలమునందుండి ప్రత్యక్షముగా వీక్షించితిని” అని చదివి వినిపించాడు.

యాదవ్వ నోరు తెరిచింది. “గంత మంచిగ మాట్లాడిన్నా నేను?”

“నువ్వే అవ్వా,” అన్నాడు రైటర్. ఆమె సంతోషంగా ఇంటికొచ్చింది. జీవితంలో మొదటిసారి ఆమె మాటకు ‘వాంగ్మూలం’ అని పేరొచ్చింది మరి!

కొన్ని వాయిదాల మర్యాదలు అయ్యాక కేసు విచారణకొచ్చింది. మొండయ్య తన గోడు చెప్పుకున్నాడు. జారిపడినా ఎముక అలా విరగొచ్చని డాక్టరు చెప్పాడు. ఇక కేసంతా యాదవ్వ నోటి మీదే నిలబడింది. ఉతికిన చీర కట్టుకుని, కొంగు నిండుగా కప్పుకుని ఆమె బోనెక్కింది.

సర్కారు వకీలు అడిగాడు: “ముద్దాయి నీకు తెలుసా?”

“మా వాడకట్టుల ఆ పేరుగల్లోళ్లు ఎవలు లేరయ్యా.”

హాల్లో నవ్వులు. వకీలు కళ్లజోడు సర్దుకున్నాడు. “ఆ రోజు నువ్వు ఘటనా స్థలంలో ఉన్నావా?”

“యాడికి పోలేదయ్యా. మా ఇంటి గడప మీదనే ఉన్న.”

“మారణాయుధంతో దాడి చేయడం చూశావా లేదా?”

“అసొంటియేం లేవు. పార కామ ఉండె.”

“రక్తగాయం?”

“నెత్తురు రాలే. చెయ్యి ఇరిగింది.”

“అయితే స్టేషన్‌లో ఇలా చెప్పలేదా?” అంటూ వకీలు ఆ అందమైన వాంగ్మూలాన్ని గడగడా చదివాడు. యాదవ్వ చెవి ఒగ్గి విన్నది. ప్రమాణం చేసింది కదా, అబద్ధం ఎలా ఆడుతుంది?

“ఈ మాటలు నాయి కావయ్యా. నాకు గిట్ల మాట్లాడ రాదు.”

అప్పటికి ఆమెకు ఏదో తేడా కొడుతోందని అర్థమైంది. చెయ్యి చాపి భరత్‌ను చూపించింది. “గదిగో, గాడ నిలబడ్డ చింటుగాడే గద కొట్టింది! నన్ను గదడుగుండ్రి!”

భరత్ వకీలు ఎగిరి లేచాడు. “చింటు ఎవరండీ? కేసులో చింటు అనే మనిషే లేడు!”

అడిగినదానికే జవాబు చెప్పాలని యాదవ్వను మందలించారు. ఆమె చెప్పిందంతా ఇంగ్లీషులో టైపు అవుతోంది. అందులో ‘లేదు’, ‘కాదు’, ‘చెప్పలేదు’ మాత్రమే మిగిలాయి. సర్కారు వకీలు నిట్టూర్చి, “హోస్టైల్” అన్నాడు.

ఆటోలో వస్తుంటే యాదవ్వ అడిగింది. “తమ్మీ, గా వకీలు నన్ను ఏమన్నడు?”

“హోస్టైల్ అన్నాడు.”

“అంటే?”

భాషాసేవ చేసే అవకాశం వదులుకుంటానా? “ఎదురు తిరిగిన సాక్షి. అంటే మొండయ్యకు శత్రువువని,” అన్నాను.

ఆమె ఇల్లు వచ్చాక దిగడం కూడా మరిచిపోయి అలాగే కూర్చుంది.

కోర్టు భరత్‌కు ‘సంశయ లబ్ధి’ ఇచ్చింది. ఎంత చక్కటి మాటో చూడండి, అనుమానంలోనూ లాభమే! కేసు కొట్టేశారని నేను వెళ్లి మొండయ్య భార్య పూలమ్మకు చెప్పాను. ఆమె పొయ్యి దగ్గర నుంచి లేవలేదు.

“మొదలు చెయ్యి కొట్టిండు, గిప్పుడు కేసు గూడ కొట్టేసిండ్రా?” అంది. ఈ భాష మీద ఆమెకు అభిరుచి లేదు.

అప్పుడే యాదవ్వ వచ్చింది. గడప దాటి లోపలికి రాలేక బయటే ఏడ్చింది. “నా నోరే నీ కొంప ముంచింది కొడుకా.”

మొండయ్య వంకరగా అతికిన చేతిని ఒళ్లో పెట్టుకుని ఉన్నాడు. ఆ చేత్తో మగ్గం ఆడదు. ఇప్పుడు బట్టల షాపు ముందు వాచ్‌మన్‌గా నిలబడుతున్నాడు. “నువ్వు జూసిందే చెప్పినవ్ చిన్నమ్మా. గాళ్లకు సమజ్ గాలే. లోపలికి రా,” అన్నాడు.

ఇందులో భాష తప్పేముందో మీరే చెప్పండి! నేర్చుకోకపోవడం యాదవ్వ తప్పు. నాలుగు మాటలు బట్టీ పట్టి ఉంటే మొండయ్యకు న్యాయం జరిగేది కాదా?

మొన్న మా గల్లీలోనే పట్టపగలు మా పక్కింటి పద్మలత మెడలో గొలుసు తెంపుకుని ఎవడో బండి మీద పోయాడు. కానిస్టేబుల్ వచ్చాడు. గడప మీద కండెలు చుడుతున్న యాదవ్వ దగ్గర ఆగి, “ఏమన్నా జూసినవా అవ్వా?” అని అడిగాడు.

ఆమె తల ఎత్తలేదు. “నేను జూసేది మీరు రాసుకునే తీరుగ ఉండది సారూ. ఇంకెవల్నన్న అడుగుండ్రి.”

కానిస్టేబుల్ నా గుమ్మంలోకి వచ్చాడు. నేను కుర్చీ వేసి, మంచినీళ్లిచ్చి, ఎదురుగా సర్దుకుని కూర్చున్నాను. ‘సదరు’, ‘ప్రత్యక్షముగా’, ‘వీక్షించితిని’ అన్నీ నాలుక చివరే ఉన్నాయి. ఎక్కడ ఏది వాడాలో ఈ గల్లీలో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు.

చెప్పడానికే ఏమీ లేదు. నేనేమీ చూడలేదు.