సాలూరోడి బండికి పొగేటి?

దేవేంద్రకి ఇంటి వెనక గది కావాలి. యమునకీ ఆ గదే కావాలి. పెళ్లయ్యాక మొగుడూ పెళ్లాలిద్దరికీ ఒకే వస్తువు నచ్చడం అదే మొదటిసారి. అందుకే ఇంట్లో యుద్ధం.

యమునది న్యాయమైన కోరికే. ఆవిడ కుట్టిన జాకెట్లంటే సాలూరు ఆడవాళ్లు పడిచస్తారు. కుట్టుమిషనేమో ముందుగదిలో ఉంది. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా దేవేంద్ర చొక్కా తగిలించుకుని వీధిలోకి పోవాలి. క్రికెట్ మ్యాచుల్లో ఆఖరి ఓవర్లన్నీ అతను పక్కింటి కిటికీలోంచి చూసినవే.

తనదీ న్యాయమైన కోరికేనని దేవేంద్ర అంటాడు. ఆ గదిలో అతను తన లారీ పెట్టుకోవాలి.

లారీ అంటే మరీ లారీ కాదు. మూరెడు పొడుగుంటుంది, రిమోట్‌తో నడుస్తుంది. అలాగని బొమ్మ అనకూడదు. అంటే దేవేంద్ర అలిగి అన్నం మానేస్తాడు. చేపల పులుసు వండిన రోజు మాత్రం అలగడు. బ్యాటరీతో కుయ్‌మంటూ తిరిగే రకం కాదది. కోడిగుడ్డంత ఇంజను, దానికో కార్బురేటరు, ఓ సైలెన్సరు, తాడు లాగి స్టార్ట్ చేయడం, అన్నీ ఉన్నాయి. తాగేది పెట్రోలు కాదు, నైట్రో అనే ఇంధనం. ఆ డబ్బా మూత తీస్తే పక్కింటి పిల్లి కూడా తుమ్ముతుంది.

ఈ పిచ్చికి ఓ కారణముంది. దేవేంద్ర తాత లారీ నడిపాడు, నాన్న నడిపాడు. దేవేంద్ర మాత్రం లారీ బుకింగ్ ఆఫీసు పెట్టాడు, ఎందుకంటే ఘాట్ రోడ్డు ఎక్కితే రెండో మలుపుకే అతనికి వాంతులు. లారీలకి పేరుపడ్డ సాలూరులో పుట్టి లారీ నడపలేకపోవడమంటే భీమిలి రేవులో పుట్టి ఈత రాకపోవడమే. కాబట్టి అయ్యగారు జీవితంలో డ్రైవరైన మొదటి లారీ ఇదే.

యమున తమ్ముడు మోహనకృష్ణ విశాఖపట్నం నుంచి ఆ బండి తెచ్చిచ్చాడు. లారీ కొంటే సాలూరులో ఏం చేస్తారో అదంతా చేశాడు దేవేంద్ర. బంతిపూల దండ, కొబ్బరికాయ, చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. పెద్ద లారీ కిందైతే నిమ్మకాయలు చితుకుతాయి. ఇక్కడ లారీయే నిమ్మకాయలెక్కి కూర్చుంది. చక్రాలు గాల్లో గిర్రున తిరుగుతున్నాయి, బండి మాత్రం దేవుడి పటంలా కదలడం లేదు.

"దిష్టి తగిలీసిందిరా!" అన్నాడు స్నేహితుడు ఎల్లాజీ. ఇతన్ని ఊళ్లో టోల్‌గేట్ ఎల్లాజీ అంటారు, దారినపోయే ఎవరినైనా ఆపి పావుగంట వసూలు చేస్తాడు కనక.

"దిష్టి కాదన్నయ్యా, నిమ్మకాయ," అంది యమున. నాలుగు కాయలూ ఏరుకెళ్లి పులిహోర కలిపేసింది.

మోహనకృష్ణ వెళ్లిపోయాడు. అసలు కష్టాలు అప్పుడు మొదలయ్యాయి. బండి నడిచేటప్పుడు వెనకాల సన్నగా నీలం పొగ వస్తోంది. దేవేంద్ర వెంటనే వీడియో కాల్ చేశాడు.

"మోహనా, కొత్త బండి పొగ వదుల్తన్నాదిరా!"

"వదలాలి బావా. ఈ ఇంజనుకి వేరే నూనె పొయ్యం కదా, ఇంధనంలోనే ఆముదం కలిసుంటాది. పొగ వస్తన్నాదంటే లోపల నూనె అందుతన్నాదని."

"మరి కార్బురేటరు మీద స్క్రూ ఉన్నాది కదా, అది బిగించేస్తే?"

"ఇంధనం తగ్గుతాది, పొగ ఆగుతాది, బండి రయ్యిమంటాది. కాసేపటికి మాడి చస్తాది. నా మాటిని స్క్రూ జోలికి పోకు బావా."

సాలూరులో ఇలాంటి మాట మింగడం ఎంత కష్టమో బయటివాళ్లకి తెలీదు. పొగ వదిలే లారీ అంటే అక్కడ పరువు పోయిన లారీ. నూనె తాగేస్తోందని, పిస్టన్ అరిగిపోయిందని, ఓనరు పీనాసి అని ఆ పొగ మీద రాసుంటుంది. దేవేంద్ర స్క్రూ బిగించాడు. బండి కేకేసింది, ఆగిపోయింది. మళ్లీ బిగించాడు. మళ్లీ ఆగింది. ప్లగ్గులు మాడ్చాడు, తాడు లాగి లాగి భుజం పట్టేసింది, కుడిచేత్తో ముద్ద ఎత్తలేక స్పూనుతో తిన్నాడు. చివరికి బుద్ధొచ్చి, బామ్మర్ది చెప్పినట్టు స్క్రూ వదులు చేశాడు. సన్నటి పొగతో బండి, మిట్టమధ్యాహ్నం ఎవరూ లేని లారీల యార్డంతా గుర్రంలా తిరిగింది.

సరిగ్గా అప్పుడే అతనికి ఆ ఆలోచన వచ్చింది.

బండి బాగైన సంగతి యమునకి తెలీదు. తెలియనివ్వకూడదు!

ఆ సాయంత్రం బండి వాకిట్లో పెట్టి, స్టార్ట్ చేసేముందు ప్లగ్గు వేడిచేసే గొట్టంలో కావాలనే ఛార్జి అయిపోయిన బ్యాటరీ వేశాడు. తాడు లాగాడు. లాగాడు. మూలిగాడు. చెమట సరిగా పట్టడం లేదని చెంబులో నీళ్లు కాస్త మొహం మీద చల్లుకున్నాడు కూడా.

"ఏటి బావా, బావిలో నీళ్లు తోడుతన్నావేటి?" అంది యమున గుమ్మంలో నిలబడి.

"నవ్వు, నవ్వు. ఆదివారానికి దీన్ని నడిపించకపోతే నా పేరు దేవేంద్ర కాదు."

"ఆ పేరు మీ నాయన పెట్టినాడు. దాన్ని పందెంలో పెట్టకు."

"అయితే గది పెడదాం!" టక్కున అనేశాడు. "ఆదివారం అందరి ముందూ యార్డు సుట్టూ మూడు రౌండ్లు ఆక్కుండా తిరిగితే గది నాది. ఆగిందనుకో, గది నీది. మళ్లీ నోరెత్తను."

యమున బండికేసి చూసింది, మొగుడికేసి చూసింది, అతని చొక్కాకేసి ఇంకాస్త ఎక్కువ సేపు చూసింది.

"సరే," అంది.

ఇంత తొందరగా పెళ్లాం సరే అంటే తెలివైన మొగుడెవడైనా భయపడతాడు. దేవేంద్ర ఈల వేసుకుంటూ స్నానానికి పోయాడు.

ఆదివారం పొద్దున్న యార్డులో జనమే జనం. లోడు ఎత్తని లారీల డ్రైవర్లు, క్లీనర్లు, టీ కొట్టు బెంచీల మీదవాళ్లు, అందరూ వచ్చేశారు. స్పానర్ గంగులు తన షెడ్డుకి తాళం వేసి మరీ వచ్చాడు. గంగులు మెకానిక్కు. ఏ బండి చూసినా ముందు పాడైందనే అంటాడు, తర్వాత చూస్తాడు. లారీ డ్రైవర్లలో అందరికంటే పెద్దాయన జగన్నాధం బాబాయికి కుర్చీ వేశారు. యమున చేతిలో మంచినీళ్ల సీసాతో ఓ పక్కగా నిలబడింది.

దేవేంద్ర కొత్త బ్యాటరీ వేశాడు. ఒక్కసారి తాడు లాగాడు. బండి బుర్రుమంది.

"అదేటి, ఒక్క లాగుడికే?" అంది యమున.

"ఏదో, దేవుడి దయ," అన్నాడు దేవేంద్ర. మీసం కింద నవ్వు ఆగడం లేదు.

మొదటి రౌండు అద్భుతం. టైర్ల కొట్టు దగ్గర మలుపులో బండి ఒరిగి, నిలదొక్కుకుని, దుమ్ము లేపుకుంటూ పోయింది. కుర్రాళ్లు ఈలలు వేశారు. రెండో రౌండు ఇంకా అద్భుతం. దేవేంద్ర మనసులో అప్పుడే వెనక గదికి అలమారా కొట్టించేశాడు.

రెండో రౌండు పూర్తవుతుండగా యమున మెల్లిగా, పక్కనున్న ఎల్లాజీకి మాత్రమే వినపడేలా అంది. "అయ్యో అన్నయ్యా, మా బండి పొగ వదుల్తన్నాదేటి?"

ఎల్లాజీకి మాత్రమే వినపడటమంటే యార్డుకంతటికీ మైకులో చెప్పడం.

"ఒరే దేవేంద్రా! పొగరా! నీ బండి పొగ!"

"పిస్టన్ పోనాది," అన్నాడు గంగులు చూడకుండానే. "నాను ముందే సెప్పినాను."

"నువ్వేటీ సెప్పనేదు గానీ, ఈ ఇంజనుకి పొగ రావాలిరా!" అని అరిచాడు దేవేంద్ర రిమోట్ వదలకుండా.

యార్డు పగలబడి నవ్వింది.

"పొగ రావాలంట! సాలూరోడి బండికి పొగేటిరా!"

"రేపు పంచరు కూడా ఉండాలంటాడు!"

"స్క్రూ బిగించరా ఎర్రిబాబూ, స్క్రూ!" అన్నాడు గంగులు.

దేవేంద్ర పళ్లు బిగించి ఓర్చుకున్నాడు. బామ్మర్ది మాట గుర్తు చేసుకున్నాడు. నిజంగా ఓర్చుకునేవాడే. కానీ జగన్నాధం బాబాయి కుర్చీలోంచి, ఎంతో బాధగా, ఒక్క మాట అన్నాడు.

"మీ తాత బండికి ఏనాడైనా పొగొచ్చిందేటిరా?"

అంతే. దేవేంద్ర బండిని పిలిచి కాళ్ల దగ్గర ఆపాడు. ఇంజను ఇంకా తిరుగుతూనే ఉంది, కాబట్టి ఆగినట్టు లెక్క కాదని తనకి తనే తీర్పు చెప్పుకున్నాడు. జేబులోంచి స్క్రూడ్రైవరు తీశాడు. యమున అటు తిరిగి కొండల్ని చూస్తోంది.

"కొంచెమే బిగిస్తాను," అని గొణుక్కున్నాడు. కొంచెం బిగించాడు. పొగ పలచబడింది. "ఇంకొంచెం!" అంది యార్డు. ఇంకొంచెం బిగించాడు. పొగ పూర్తిగా మాయమైంది.

మూడో రౌండులో ఆ బండి పోయిన పోత చూసి తీరాలి! కూత పెట్టుకుంటూ, కంటికి ఆనకుండా, పొగ అనేది లేకుండా పోయింది. జగన్నాధం బాబాయి లేచి నిలబడ్డాడు. "అదీ! అదీ మా సాలూరు బండి!" దేవేంద్రకి కళ్లలో నీళ్లు తిరిగాయి. తాత పై నుంచి చూస్తుంటాడనుకున్నాడు.

టైర్ల కొట్టు మలుపు దాటాక కూత కాస్త సన్నబడింది. తర్వాత దగ్గింది. తర్వాత, టీ కొట్టుకి ఇవతల, ముగింపు గీత ఇంకో పది బారలుందనగా, బండి ఆగిపోయింది.

దేవేంద్ర పరుగెత్తాడు. తాడు లాగాడు. రాలేదు, బిర్రబిగుసుకుపోయింది. గంగులు పరుగెత్తుకొచ్చి చూసి, "పాడైపోనాది," అన్నాడు. ఆ రోజుకి అతను చెప్పిన మొదటి నిజం అదే.

యమున తాపీగా నడుచుకుంటూ వచ్చి, సీసాలోంచి ఒక్క చుక్క ఇంజను మీద వేసింది. చుక్క అట్లపెనం మీద పడ్డట్టు చుయ్యిమని ఎగిరిపోయింది.

"అట్టు పోసుకోవచ్చు బావా. సల్లారనీ, ఈలోగా టీ తాగు."

అందరూ టీ తాగారు. దేవేంద్ర టీ వైపు చూస్తూ కూర్చున్నాడు. ఇంజను చల్లారాక యమున అతని చేతిలోంచి స్క్రూడ్రైవరు తీసుకుంది. బిగించిన స్క్రూని అంతకంతా వెనక్కి తిప్పింది. మాడిన ప్లగ్గు తీసి, కొంగుముడిలోంచి కొత్తది తీసి పెట్టి, గొట్టంతో వేడిచేసింది. తాడు లాగింది. బండి బుర్రుమంది, సన్నగా నీలం పొగ వదిలింది.

దేవేంద్ర నోరు తెరిచాడు. మూయలేదు.

"నీకెలగ...?"

"నా తమ్ముడు నీకొక్కడికే బామ్మర్దేటి? నాకు తమ్ముడు కాడేటి?"

"అంటే బండి బాగైందని నీకు ముందే తెలుసా?"

"ఆ సాయంత్రం నీ సొక్కా సూశాను బావా. నిండా ఆముదం తుంపర్లు. నడవని బండి సొక్కా మీద ఆముదం ఎలగ సిమ్ముతాది? నువ్వు మొహం మీద నీళ్లు సల్లుకున్నప్పుడే లోపలికెళ్లి నవ్వుకుని మళ్లీ గుమ్మంలోకొచ్చాను."

"మరి పొగ మాట కావాలనే అన్నావా! అది మోసం కాదేటి?"

"నేను స్క్రూ ముట్టుకున్నానా? బిగించమన్నానా? పొగొస్తన్నాదేటి అని అడిగాను. నువ్వు రావాలని సెప్పావు, అది నిజమే. ఆ నిజం మీద ఒక్క రౌండు నిలబడలేకపోయావు. దానికి నేనేటి సేసేది?"

అలా అని రిమోట్ అందుకుని, మిగిలిన ఆ పది బారలూ పోనిచ్చి, ఊరుకోకుండా ఇంకో రౌండు కూడా కొట్టింది. బండి వెనకాల పొగ అగరొత్తి పొగలా తీగలు తీగలుగా సాగింది. ఎల్లాజీ నోట మాట లేదు. అతని జీవితంలో అది రికార్డు.

"సెల్లెమ్మా, పొగ..." అన్నాడు గంగులు సందేహంగా.

"ఈ ఇంజనుకి పొగ రావాలన్నయ్యా."

"అవునవును, రావాలి! ఆముదం ఇంజను కదా, రాకపోతే ఎలగ? నాను ముందే సెప్పినాను."

"మరే, రావాలి," అన్నాడు ఎల్లాజీ. "రావాల్సిందే," అన్నారు డ్రైవర్లు. జగన్నాధం బాబాయి కుర్చీలో సర్దుకుని, గొంతు సవరించుకుని, దేవేంద్ర తాత బండికి కూడా చలికాలంలో కాస్త వచ్చేదేమోనన్నాడు.

దేవేంద్ర అందరి మొహాలూ ఒక్కొక్కటే చూశాడు. "గది నీదే," అన్నాడు చివరికి, నేల చూపులు చూస్తూ. "మరి... బండో?"

"బండికేటి, నా మిషను పక్కన ఉంటాది. నేను నడుపుకుంటాను."

ఇంటికి బయల్దేరారు. యమున రిమోట్ పట్టుకుని మహారాణిలా నడుస్తోంది. ముందు బండి బుర్రుమంటోంది. వెనకాల దేవేంద్ర, ఓ చేతిలో ఇంధనం డబ్బా, ఇంకో చేతిలో స్క్రూడ్రైవరు, భుజం మీద తుడిచే గుడ్డ.

"ఏరా దేవేంద్రా!" అని యార్డులోంచి కేకేశాడు ఎల్లాజీ. "క్లీనరుగా ఎప్పుడు సేరినావురా?"

దేవేంద్ర వినపడనట్టు నడిచాడు. సందు మొదట్లో అడ్డంగా ఓ ఆవు పడుకుని ఉంది. దానికీ గోడకీ మధ్య బండి పట్టేంత దారే ఉంది. యమున బండి నెమ్మది చేసింది.

"బావా, పడతాదేటి?"

దేవేంద్ర డబ్బా కింద పెట్టి, ముందుకి పరుగెత్తి, ఆవుకీ గోడకీ మధ్య వంగి చూసి, చెయ్యి ఊపాడు.

"రానీ... రానీ... కొంచెం ఎడం కొట్టు... రానీ... ఆఁ, రైట్! పోనీ!"