ఉప్పు డబ్బా కింద చూడు

“తెలుగు చదవడం రానోళ్ళకి ఈ ఇంట్లో చేపల పులుసు లేదు. అంతే!” రూతు మూడోసారి అంది.

“బళ్ళో బెంగాలీ, హిందీ, ఇంగ్లీషు చాలవేటి?” కూతురు వినీల మూతి ముడిచింది. తమ్ముడు టోని వెళ్ళి మామ్మ కొంగు వెనక చేరాడు.

“పిల్లల్ని ఒగ్గీయే రూతూ,” అని అత్తగారు దీనమ్మ బతిమాలింది.

“మీరు వెనకేసుకురాకండత్తా. రోజూ పొద్దున్నే మీరు బైబిలు చదవట్లేదా? మిమ్మల్ని చూసైనా వీళ్ళకి సిగ్గు రావద్దూ?”

దీనమ్మ చీపురు తీసుకుని వరండాలోకి వెళ్ళిపోయింది.

ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లలో పుట్టిన పిల్లలు తెలుగు గలగలా మాట్లాడతారు గాని, అక్షరాలను మాత్రం ముఖపరిచయం లేని చుట్టాల్లా చూస్తారు. అదే రూతు దిగులు. అందుకే విశాఖ నుంచి పిల్లల డిటెక్టివ్ కథల సెట్టు తెప్పించింది. మొదటి కథలో బడిగంట పోతుంది. పిల్లలే ఆధారాలు వెతికి దొంగను పట్టుకుంటారు. ఆమె సగం చదివి వినిపించి పుస్తకం మూసేసింది. మిగతా సగం కావాలంటే అదే ఆట ఇంట్లో ఆడి గెలవాలి.

గూడ్సు గార్డైన భర్త తీతు రాత్రి డ్యూటీ చేసొచ్చి నిద్రపోతున్నాడు. అతని విజిల్ తీసి, తలుపు వెనక వేలాడే బజారు సంచి జేబులో దాచింది. “ఉప్పు డబ్బా కింద చూడు” అని రాసిన చీటీ పిల్లల చేతికిచ్చి, “నాన్న విజిల్ పోయింది. కూడబలుక్కుని చదివి దొంగను పట్టుకోండి,” అని బట్టలుతకడానికి పెరట్లోకి వెళ్ళింది.

తిరిగొచ్చేసరికి ఇల్లు నిశ్శబ్దంగా ఉంది. ఉప్పు డబ్బా కింద తను పెట్టిన రెండో చీటీ కదలలేదు. తీతు మాత్రం చొక్కా జేబులు తడుముకుంటున్నాడు.

“డ్యూటీకి ఫోనొచ్చింది. నా విజిల్ ఏదే?”

“ఉందిలెండి,” అంటూ రూతు నవ్వుతూ తలుపు వెనక చెయ్యి పెట్టింది. సంచి లేదు.

“అత్తా, సంచేదీ?”

“పిల్లలట్టుకెళ్ళినారు. గోల్‌బజార్, సత్యం కొట్టుకి,” అంది దీనమ్మ ఎటో చూస్తూ.

రూతూ తీతూ స్కూటరు మీద వెళ్ళేసరికి సత్యం చేపల కొట్టు ముందు జనం గుమిగూడారు. వినీల ఐసు పెట్టె మీద నిలబడి ఉంది. టోని తక్కెడకు కాపలా కాస్తున్నాడు. సత్యం చేతిలో విజిల్ ఉంది.

“సూడు రూతమ్మా! సేప ఏద్దామని సంచీ అందుకుంటే ఇది సేతికి తగిలింది. తీసినాను. ‘దొంగ దొరికినాడు’ అని నీ కూతురు కేకెట్టింది! మా అయ్య కాడినుంచి ఈ కొట్టే. తూకంలో కూడా మాట పడ్నేదు!”

“మరి చీటీలో మీ కొట్టే ఉంది!” అంది వినీల.

“చోర్ నాకి? దొంగా?” అంటూ ఒక బెంగాలీ దాదా కొన్న చేపను మళ్ళీ బల్ల మీద పెట్టేశాడు.

జనాన్ని పంపించేద్దామని తీతు విజిల్ లాక్కుని గట్టిగా ఊదాడు. పక్క వీధివాళ్ళు కూడా వచ్చారు.

తప్పంతా తనదేనని రూతు అందరికీ రెండు భాషల్లో చెప్పుకుంది. సత్యం చేప తూచకుండానే సంచిలో వేసి, “ఇంక ఎల్లు రూతమ్మా,” అన్నాడు. తిట్టినా అంత తగిలేది కాదు.

“ఉప్పు డబ్బా అని రాస్తే చేపల కొట్టని చదివిందెవరే?” ఇంటికి రాగానే నిలదీసింది.

“మాకు రాక మామ్మకిచ్చినాం. మామ్మే చదివింది. ‘ఒట్టి సేతుల్తో ఎల్తారేటి’ అని సంచి కూడా ఇచ్చింది,” అంది వినీల.

తీతు పకపకా నవ్వబోయి, సగంలో ఆగిపోయాడు. “అమ్మా… మరి రోజూ బైబిలు?”

“మీ నాయిన పైకి సదివీవోడు. వినీ వినీ వచ్చీసింది,” అంది దీనమ్మ. “పేజీలు తిప్పడం ఒకటే సొంతంగా నేర్సుకున్నాను.”

రూతుకు పొద్దుటి మాట గుర్తొచ్చింది. అలాంటి మాటలు ఇన్నాళ్ళూ పిల్లలమీదికే విసిరాననుకుంది. పక్కన కూర్చున్న మనిషికి తగులుతున్నాయని ఒక్కనాడూ తోచలేదు.

తీతు డ్యూటీకి వెళ్ళాక, భోజనాల దగ్గర దీనమ్మ కంచం గూట్లోనే ఉండిపోయింది.

“రండత్తా.”

“సదవడం రానోళ్ళకి పులుసు నేదన్నావు కదమ్మా.”

అందులో ఎత్తిపొడుపు లేదు. ఇంటి నియమం పాటిస్తున్నట్టుగా అంది. రూతు గరిట పక్కన పెట్టేసింది. తనే కంచం తెచ్చి, అన్నం పెట్టి, చేప తలకాయ వేసింది. వినీల జరిగి చోటిచ్చింది.

దీనమ్మ అన్నం కలిపి ముద్ద చేసింది. తర్వాత తల ఎత్తకుండానే, మెల్లగా అంది.

“వచ్చే శనివారం ఆటలో నేనూ ఉంటాను. నా సీటీ పెద్దచ్చరాలతో రాయి రూతూ. మీరెవులూ సదివి సెప్పకండి.”

సాయంత్రం సత్యం కూడా ఆటకు ఒక నియమం కబురు పెట్టాడు: దొంగ ఎవరైనా సరే, చేపలమ్మేవాడు కాకూడదు.