చెంచురామయ్యకు చూపొచ్చింది

మనిషి బాగుపడాలంటే ముందు చచ్చిపోవాలి. మిగతా సంగతి కంప్యూటర్ చూసుకుంటుంది!

నమ్మకం కుదరకపోతే ఆత్మకూరు బస్టాండు దగ్గర శాంతికుమార్ స్టూడియోకు వెళ్లండి. ఈ తొంభై ఎనిమిదిలోనే కంప్యూటర్ తెచ్చాడు. పోయినవాళ్ల ముఖాలను పాత ఫోటోల్లోంచి కత్తిరించి, వేరే ఒంటికి అతికించి, వెనక మంచుకొండలు పెట్టి, ఫ్రేము కట్టి ఇస్తాడు. దీన్ని మిక్సింగ్ అంటారు. బతికినన్నాళ్లూ సీతారామపురం దాటని మనిషిని స్విట్జర్లాండ్‌లో నిలబెట్టడానికి పాస్‌పోర్టు అక్కర్లేదు, ఒక్క చావు చాలు. ఇంత మేలు ఏ ప్రభుత్వం చేసింది?

ఉదయగిరిలో ప్రభుత్వోద్యోగం చేసే మోహన్‌కృష్ణకు ఈ సంగతి తెలిసింది. తాత చెంచురామయ్య సంవత్సరీకం దగ్గర పడింది. ఆఫీసర్లు భోజనానికి వస్తారు. గోడ మీద తాత ఉండాలి. ఉన్న తాత గోడకు పనికొచ్చేవాడు కాదు. జీవితమంతా గొర్రెలు మేపాడు. మిగిలిన ఒక్క ఫోటో మనవడి పెళ్లినాటి గుంపులోది. తలకు తువ్వాలు, రెండు కళ్లలోనూ పొర.

ఆ పొర తీయించమని తాత రెండేళ్లు అడిగాడు. నెల్లూరు వెళ్లాలి, సెలవు పెట్టాలి. సెలవు దొరకలేదు, తాత పోయాడు. ఇప్పుడు అవ్వ దేవకమ్మ అడుగుతోంది. ఆమె కళ్లలోనూ పొర వచ్చింది.

"సంవత్సరీకం లోపల నెల్లూరికి తీసకపోరా అబ్బయా. మీ తాత పటమన్నా కండ్లారా చూసుకుంటాను."

"సెలవు యాడుండాదవ్వా!"

అబద్ధం కాదు. ఉన్న సెలవంతా ఆత్మకూరు స్టూడియోకే సరిపోతోంది. తాతను తయారు చేయడమంటే మాటలా?

మొదటిసారి వెళ్లినప్పుడు తువ్వాలు తీసేసి క్రాపు పెట్టించాడు. తర్వాత కోటు తొడిగించాడు. అది శాంతికుమార్ బావమరిది పెంచలప్రసాద్ పెళ్లికోటు. మెడ కింద మనిషి కూడా అతనే. సంగం నుంచి అనంతసాగరం దాకా ఈ ఏడు పోయిన పెద్దలందరిదీ అదే కోటు, అదే ఒళ్లు, అదే వాచీ. క్రైస్తవులకైతే చేతిలో బైబిలు అదనం. మనుషులంతా ఒక్కటేనని ఉపన్యాసాలిచ్చినవాళ్లు ఈపాటి సాధించారా? పెంచలప్రసాద్ మాత్రం చావు భోజనాలకు వెళ్లడం మానుకున్నాడు. వెళ్లినచోటల్లా తన ఛాతీకి దండ వేసి ఉంటోందట!

చివరికి కళ్ల దగ్గరికొచ్చారు.

"ఈ తెలుపేంది సార్, ఫ్లాష్ పడిందా?" అన్నాడు శాంతికుమార్.

"కాదబ్బా, పొర. తీసెయ్."

"టీ తాగి రాండి, తీసేసి పెడతాను."

టీ తాగి వచ్చేసరికి తాతకు చూపొచ్చింది. కోత లేదు, కట్టు లేదు, నల్లద్దాలు లేవు. నెల్లూరు డాక్టర్లు ఏం చదివినట్టు?

సంవత్సరీకం నాడు ఆఫీసర్లు విస్తళ్ల ముందు కూర్చుని పటాన్ని చూశారు. "మీ తాతగారు జమీందారా?" అని ఒకాయన అడిగాడు. మోహన్‌కృష్ణ కాదనలేదు.

దేవకమ్మ సంగటి ముద్ద, చుట్ట పట్టుకుని, గోడ తడుముకుంటూ వచ్చింది. పటం ముందు పెట్టి అద్దం మీద చెయ్యి వేసింది.

"ఎట్టుండాడురా?"

"దొర మాదిరుండాడవ్వా. కండ్లు కూడా బాగు చేయించినాను. పొర తీసేసినారు."

"తీసేసినారా? యాడ?"

"ఆత్మకూరులో."

"నెల్లూరు దాకా పోయే పనే లేదా?" ఆమె మనవడి గొంతు వినిపించిన వైపు తిరిగింది. "అట్టయితే నన్ను గూడా ఆడికే తీసకపోరా. రేపు పొద్దున బస్సుకే పోదాం."

ఒక ఆఫీసరు ముద్ద నోటిదాకా తెచ్చి ఆగాడు.

"సరేలే అవ్వా, చూద్దాం," అన్నాడు మోహన్‌కృష్ణ.

మాట తప్పే మనిషి కాదు. దేవకమ్మ ఫోటో ఇప్పటికే స్టూడియో చేరింది. కళ్లలో పొర తీసేసి, పట్టుచీర కట్టి, వెనక మంచుకొండలు కూడా పెట్టి ఉంచానని శాంతికుమార్ చెప్పాడు. ఫ్రేము కూడా సిద్ధం. ఆలస్యమంతా ఆమెదే!