మంగళవారం నాటి నెత్తళ్ళు

ఆ మంగళవారం ఉదయం ఉమామహేశ్వరి వేసుకున్న పథకంలో ఎక్కడా లొసుగు లేదు. ఎనిమిదిన్నరకు ఇంటావిడ గౌరీదేవి గుడికి బయలుదేరుతుంది. తొమ్మిదికల్లా నెత్తళ్ళ చేపలు వేగిపోవాలి. తొమ్మిదిన్నరకు తినడం, పదికి మూకుడు తోమడం, పదింబావుకు సాంబ్రాణి. గౌరీదేవి పదకొండుకు గాని తిరిగి రాదు.

జంషెడ్‌పూర్ వచ్చి నాలుగు నెలలైంది. భర్త దుర్గాప్రసాద్‌ది కాంట్రాక్టు పని, క్వార్టరు రాదు. మాంగో అనే పేటలో ఏడిళ్ళు చూశాక దొరికింది ఈ నడిమి అంతస్తు. పై అంతస్తులో ఉండే గౌరీదేవి ఇచ్ఛాపురం వైపు మనిషి. తెలుగు మాట వినబడగానే ఉమకు ప్రాణం లేచొచ్చింది. ఆ మాట ఏమిటంటే, "మా ఇంట నీచు పొయ్యెక్కకూడదు. ఎక్కిందా, ఆ సందేళకే మీ సామాన్లు రోడ్డెక్కుతాయి."

ఉమ సరేనంది. కాని నిన్న అమ్మ, కళింగపట్నం నుంచి వచ్చే మనిషి చేత ఎండు నెత్తళ్ళు పంపింది. మూడు సంచుల్లో చుట్టి, పురికొసతో కట్టి. ఆ మూట ముందు ఏ ఒప్పందం నిలుస్తుంది?

వేపుడు బాగా కుదిరింది. వాసన అంతకంటే బాగా కుదిరింది.

"ఏటే ఇది, మెట్లకాడికెళ్ళిపోనాది!" వీక్లీ ఆఫ్‌లో ఉన్న దుర్గాప్రసాద్ గబగబా కిటికీలు మూశాడు.

"మూసేత్తారేటండీ, తెరవండి!"

ఉమ సాంబ్రాణి ముందే వేసింది. చాలక కాఫీ పొడి వేయించింది. అదీ చాలక ఫినాయిలు చల్లింది. నాలుగూ కలిసి, లోకంలో అంతవరకూ లేని ఒక వాయువై మెట్లు దిగాయి.

కింది అంతస్తులో సౌరభ్ నైట్ షిఫ్టు దిగి వచ్చి అప్పుడే కన్ను మూశాడు. ఒక కర్మాగారంలో సేఫ్టీ సూపర్‌వైజరు. మూసిన కన్ను తెరిచి, దిండు కింది ఈల తీసి ఊదాడు.

"గ్యాస్ లీక్! సబ్ బాహర్! తాలా మత్ లగానా!" అందరూ బయటికి రావాలి, తాళాలు మాత్రం వేయకూడదు.

ఉమ వేపుడంతా భర్త కేరేజీలోకి దులిపి, కొంగు కింద దాచుకుని దిగింది. పైనుంచి గౌరీదేవి భర్త భీమారావు, తలుపులు బార్లా వదిలేసి, తువ్వాలుతోనే దిగాడు. అందరూ కరెంటు స్తంభం దగ్గర నిలబడ్డారు. సౌరభ్ తలలు లెక్కపెట్టి, గాలి పీల్చి, ఉలిక్కిపడ్డాడు. పిడికెడు దుమ్ము ఎగరేసి గాలి వాటం చూసి, జనాన్ని కిళ్ళీబడ్డీ దగ్గరికి నడిపించాడు. వాసన కిళ్ళీబడ్డీకి వచ్చింది. ఆటో స్టాండుకు మార్చాడు. అక్కడికి వాసన అందరికంటే ముందే చేరింది. మనుషుల వెంట నడిచే గ్యాసును పన్నెండేళ్ళ సర్వీసులో చూడలేదంటూ, గ్యాసు కనిపెట్టే మీటరు పట్టుకుని ఇల్లు సోదా చేయడానికి పరిగెత్తాడు.

సరిగ్గా అప్పుడే గౌరీదేవి ఆటో వచ్చి ఆగింది. పూజారికి జ్వరమట. ఉమ పథకంలో పూజారి జ్వరానికి చోటు లేదు.

గౌరీదేవి దిగి, ఒక్కసారి ముక్కు ఎగబీల్చింది. చూపు తిన్నగా ఉమ కొంగు మీద వాలింది.

"ఏటమ్మా అది?"

"ఆయన కేరేజీ, పిన్నిగారూ."

"ఈయేళ మీ ఆయనకి సెలవు కదేటి?"

దుర్గాప్రసాద్ మనసులోనే సామాన్లు సర్దడం మొదలుపెట్టాడు.

అంతలో సౌరభ్ తిరిగొచ్చాడు. మీటరు నోరు మెదపలేదుగాని ముక్కు దారి చూపిందట. పట్టకారుతో, చెయ్యి బారచాపి, ఒక రేకు డబ్బా పట్టుకున్నాడు.

"మిల్ గయా! ఊపర్, ఆంటీజీ కే చావల్ కే డ్రమ్ మేఁ!"

మూత ఊడదీస్తే లోపల ఎండు కవళ్ళ చేపలు, వరసగా, ఒద్దికగా.

"గౌరీ, మన బియ్యం డ్రమ్ములోనా?" అన్నాడు భీమారావు. ఇరవై ఏళ్ళ కిందట నీచు మానేసి, భార్య చేత కూడా మాన్పించానని వీధంతా చెప్పుకునే పెద్దమనిషి ఆయన. ఆ వీధంతా ఇప్పుడు ఆటో స్టాండులోనే ఉంది. గౌరీదేవి ముఖంలో నెత్తురు చుక్క లేదు.

నోరు మూసుకుంటే చాలు, తప్పు మేడ మీదికి పోతుంది. ఉమకు ఆ సంగతి అర్థమవడానికి అరక్షణం పట్టింది. వద్దనుకోవడానికి అంత కూడా పట్టలేదు.

"అది నాదేనండీ! మీకు తెలీకుండా నేనే దాసీసేను. ఇదిగో, ఇదీ నాదే!" అంటూ కేరేజీ పైకెత్తి మూత తీసింది. అదే మాట హిందీలోనూ చెప్పింది. నాలుగు నెలల్లో అంత తడబాటు లేని హిందీ ఆమె నోట రాలేదు.

సౌరభ్ వంగి చూసి, ఒక నెత్తల్ని తీసి నమిలాడు. "భాభీజీ, యే గ్యాస్ నహీఁ హై" అని, గ్యాసు కాదని తీర్పు చెప్పి, రెండోది తీసుకున్నాడు. ఆటోవాళ్ళు చేతులు చాపారు.

"బుద్ధి లేదేటే నీకు? నా బియ్యం డ్రమ్ములోనా?" గౌరీదేవి కేకలు వేసింది. వీధంతా విన్నదని నమ్మకం కుదిరాక ఆపింది.

సాయంత్రం ఆవిడ మేడ దిగి వచ్చింది. చేతిలో అద్దె కాగితం. నీచు అన్న షరతు మీద అడ్డంగా గీత. దాని కింద కొత్త షరతు: ఎండుచేప వండిన రోజున పైకి కబురు పెట్టాలి.

"డబ్బా మాత్రం నీ కాడే ఉండనీయమ్మా" అంది, గొంతు తగ్గించి. "ఎలాగూ నీదే కదా."

మంగళవారం నీచు ముట్టని నియమం మాత్రం ఆవిడ తప్పలేదు. మిగిలిన వేపుడులో తన వంతు గిన్నెలో పెట్టించుకుని, బుధవారం కోసం పైకి పట్టుకుపోయింది.